అక్కడ బట్టలు ఎంతసేపట్లో ఆరుతాయి

ఫిలింనగర్లో మనిషి పోయిన కబురు ఎంత వేగంగా నడుస్తుందనేది ఆ మనిషిని బట్టి ఉంటుంది. పెద్ద హీరోగారింట్లో పెద్దాయన కన్నుమూస్తే గంటలో జూబ్లీహిల్స్ రోడ్లన్నీ కార్లతో నిండిపోతాయి, షూటింగులు ఆగిపోతాయి. కాస్ట్యూమ్ అసిస్టెంట్ పోతే రెండు నెలల తర్వాత, టీ తాగుతుండగా, వేరే ఏదో మాట మధ్యలో తెలుస్తుంది. నాకు అలాగే తెలిసింది.

మొన్న ఒక షూటింగులో మా పాత కాస్ట్యూమర్ గారు కనిపించారు. గుడివాడ వైపు మనిషి. ముప్పై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నా భాష మాత్రం ఇంకా అక్కడే ఉంది. పంచదార ఎక్కువైందని టీ కుర్రాణ్ణి కాసేపు తిట్టి, నావైపు తిరిగి, "అన్నట్టు మన అమ్మాయి పోయిందమ్మా, బోరబండలో ఉండేది చూడు, గింజలమ్మాయి. నీకెవరూ చెప్పలేదాండీ?" అన్నారు. ఆయనకి ఏకవచనం, బహువచనం ఒకే వాక్యంలో పడతాయి.

యాభై దాటిన ఆమెను ఆయన చివరిదాకా అమ్మాయనే అన్నారు. గింజలమ్మాయి అన్న పేరు మాత్రం ఆయన పెట్టింది కాదు. ఆ పేరు రావడానికి కారణం నేను. అందుకే ఇది రాస్తున్నాను తప్ప, ఆమె గురించి రాసే హక్కు నాకుందని కాదు.

ఆమె పుట్టుపూర్వోత్తరాలు నాకు పెద్దగా తెలియవు. ఫిలింనగర్లో ఒక అపార్ట్‌మెంటు సెల్లార్ పక్కన రెండు గదుల్లో మా కాస్ట్యూమ్ స్టోరు ఉండేది. ఇనప్పెట్టెలు, ఇస్త్రీ బల్ల, తాళ్ళ మీద వరసగా హీరోయిన్ల బట్టలు. ఆ బట్టల మధ్యనుంచి ఆమె తల బయటికొచ్చేది. పొట్టి మనిషి, చీర కొంగు ఎప్పుడూ నడుముకి చుట్టి ఉండేది, కొంగుకి పిన్నీసుల గుత్తి. నేను అప్పుడు అసిస్టెంట్ డైరెక్టర్ని. మొదటిరోజే నన్ను చెల్లె అంది, నేను అక్కా అన్నాను. అంతకుమించి చుట్టరికం కలుపుకోవాల్సిన అవసరం మా ఇద్దరికీ రాలేదు.

విదేశంలో షూటింగు చేసుకుని బట్టలు తిరిగొచ్చిన రోజు ఆమెను చూడాలి. మామూలుగా పెట్టె తెరిస్తే ఎవరైనా ఉతకాల్సినవి ఒకవైపు, డ్రైక్లీనింగుకి పంపాల్సినవి ఒకవైపు వేస్తారు. ఆమె ముందు పెట్టెలోకి మొహం పెట్టేది. మనం మాట్లాడబోతే చెయ్యెత్తి ఆపేది. "జర ఆగు చెల్లె, వాసన పోతది." తర్వాత కింద పాత పేపరు పరిచి ప్యాంట్ల అంచులు తిప్పి దులిపేది. ఇసుక, ఎండిన ఆకుల పొడి, ఏదో చెట్టు సూదుల్లాంటి ఆకులు, గడ్డి గింజలు. వాటిని గుండీలు వచ్చే చిన్న ప్లాస్టిక్ డబ్బాల్లోకి ఎత్తి, బట్టల మీద గుర్తులు పెట్టే సుద్దతో మూత మీద ఊరి పేరు రాసేది. పేరు ఆమెకు వినపడినట్టే ఉండేది. నాలుగు దేశాల ఇసుక ఉండేది ఆమె దగ్గర. ఏది ఏదో మూత చూడకుండా చెప్పేది, వేళ్ళతో నలిపి.

ఆ తర్వాత ప్రశ్నలు. మేం వెళ్ళొచ్చిన ఊళ్ళో ఏ కోట ఉంది, ఏ వంతెన ఉంది అని ఆమె ఎన్నడూ అడగలేదు.

"బట్టలు ఎంతసేపట్ల ఆరినయ్ గాడ?"

"చూళ్ళేదక్కా."

"నీళ్ళకు సబ్బు నురుగొస్తదా?"

"హోటల్లో ఇచ్చేశాం కదక్కా."

"ఏంది చెల్లె, గంత దూరం పోయి గిది గూడ చూడకపోతివి! ఇగ ఏం చూసినవ్?"

నిజమే, ఏం చూశానో నాకూ తెలిసేది కాదు. మానిటరు చూశాను. కంటిన్యుటీ కాగితాలు చూశాను. డైరెక్టరు గారి మొహం చూశాను, ఎక్కువగా అదే. పదకొండు దేశాలు తిరిగి ఒక్కదాని గాలి ఎలా ఉంటుందో చెప్పలేని దాన్ని, ఒక్క దేశమూ తిరక్కుండా ఆమె నిలదీస్తుంటే నాకు నవ్వొచ్చేది. గాలిలో తేమెంత, ఎండలో పసెంత అన్నది దండెం మీద బట్ట చెబుతుందని ఆమె నమ్మకం. ఆలోచిస్తే అది తప్పేమీ కాదు.

యాత్రలకి వెళ్ళలేదా అంటే వెళ్ళింది. యాదగిరిగుట్ట, వేములవాడ, ఒకసారి తిరుపతి. వాటిని లెక్కలోకి తీసుకునేది కాదు. "దేవుని తాన పోతే మొక్కు తీర్చుడు. సుట్టాల తాన పోతే వంట చేసుడు. రెండూ పనే గద. ఉత్తగ పోవాలె చెల్లె ఏడికన్నా. ఎందుకొచ్చినవ్ అంటే ఊకెనే వచ్చిన అనాలె." వాళ్ళాయన లైట్ల డిపార్ట్‌మెంటులో పనిచేసి ఊటీ నుంచి కాశ్మీరు దాకా తిరిగినవాడు. ఏముంది అక్కడ, ఇక్కడి ఎండే అక్కడా అనేవాడట. "తిరిగినోనికి విలువ తెల్వది, తెలిసినోళ్ళు తిరగలే" అని నవ్వేది.

పోయే దారి లేనప్పుడు పోవాలన్న కోరికను మనిషి ఎలా కాపాడుకుంటుంది? చాలామంది కాపాడుకోరు. నాలాంటివాళ్ళం ఫోన్లో నాలుగు ఫొటోలు చూసి, ఎప్పటికైనా వెళ్ళాలి అనుకుని, ఆ సాయంత్రానికి మర్చిపోతాం. ఆమెకు ఒక పద్ధతి ఉండేది. సెలవురోజు ఒక దేశం అనుకునేది. అక్కడ చలా, వానా అని ఎవర్నో అడిగి తెలుసుకునేది. ఆ ఊరికి పోతే ఏ చీర, ఏ స్వెట్టరు, చెప్పులా బూట్లా అని తేల్చుకుని, ఇంట్లో ఉన్నవన్నీ తీసి మడతపెట్టి సంచిలో సర్దేది. సాయంత్రం మళ్ళీ తీసి బీరువాలో పెట్టేది. నేను ఎగతాళి చేస్తే కోపం తెచ్చుకోలేదు. "కోరిక గూడ బట్టనే చెల్లె. పెట్టెల పెట్టి మర్చిపోతివా, పురుగు కొడ్తది. నడుమ నడుమ ఎండకెయ్యాలె" అంది.

సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా నడిచి, ఎయిర్‌పోర్టు బస్సు ఎక్కేవాళ్ళను కాసేపు చూసి వెళ్ళేది. ఒకసారి నన్నూ నిలబెట్టింది. ఒకావిడ రెండు పెద్ద పెట్టెలతో ఎక్కుతోంది. "గామె చలి దేశం పోతుంది. కోటు పెట్టెల పట్టక చేతిల పట్టుకుంది చూడు. గా పిలగాడు దగ్గర్నే, బెంగుళూరో గింగుళూరో. చెప్పులు చూడు." వాళ్ళు నిజంగా ఎక్కడికి పోతున్నారో అడిగే వీలు లేదు. నాకు మాత్రం ఆమె చెప్పిందే నిజమనిపించింది. అక్కడ పావుగంట నిలబడి, పని అయిపోయినట్టు తలూపి, బోరబండ షేర్ ఆటో ఎక్కింది.

పాస్‌పోర్టు కూడా తీసుకుంది. దాని కథ ఆమె చెబితేనే వినాలి. విచారణకు వచ్చిన పోలీసాయన, "ఏ దేశం పోతున్నవమ్మా?" అని అడిగాడట.

"ఇంకా అనుకోలే సార్."

"అనుకోకుండ పాస్‌పోర్టు ఎందుకు? దుబాయా? ఇంట్ల పనికా?"

"పనికి గాదు సార్. చూడనీకి."

"ఏం చూస్తవ్?"

"పోతె గద సార్ తెలిసేది!"

ఆయన చాలాసేపు ఆమెను అనుమానంగా చూసి సంతకం పెట్టాడట. ఈ కథ చెప్పిన ప్రతిసారీ 'పనికి గాదు' దగ్గర ఆమె గొంతు కొంచెం పెరిగేది.

సినిమావాళ్ళు విదేశీ షెడ్యూలంటే యూనిట్‌ను పిండి ఆరేస్తారు. ఇక్కడ వందమంది చేసే పని అక్కడ పాతికమంది చెయ్యాలి. కాస్ట్యూమ్స్ నుంచి ఒక్కరే వెళ్తారు, అది కాస్ట్యూమరే. హీరోయిన్ వెంట ఆమె మనుషులు నలుగురు వెళ్తారు, అది వేరే సంగతి. పెట్టెలు సర్దేది అక్క, వెంట వెళ్ళేది కాస్ట్యూమర్ గారు, వచ్చాక దులిపేది అక్క. అలా పద్నాలుగేళ్ళు.

కొన్నేళ్ళ క్రితం మా సినిమా ఒకటి జార్జియాలో తీశాం. కొండవాలు మీద హీరోయిన్ పరుగెత్తుకుంటూ వచ్చి ఎండుగడ్డిలో పడిపోయే సన్నివేశం. ఆమె ఒంటిమీద బూడిదరంగు ఉన్ని కోటు. పడి లేచేసరికి కోటు కుడిచెయ్యి నిండా గడ్డి గింజలు అంటుకున్నాయి, మన ఉత్తరేణి గింజల్లా. దూరం నుంచి తీయాల్సిన షాట్లు అయ్యాయి, వాన పట్టుకుంది. దగ్గర షాట్లు ఇక్కడే స్టూడియో ఫ్లోర్లో ఆకుపచ్చ తెర ముందు తీద్దామని, మిగిలిన పాట కోసం నెల తర్వాత నాలుగురోజులు మళ్ళీ అక్కడికి వెళ్దామని నిర్ణయించారు. ఒకే సన్నివేశం ముక్కలు ముక్కలుగా వేర్వేరు చోట్ల తీసినా, చూసేవాడికి ఒక్కలా కనపడాలి. చొక్కా మీద మరక కూడా మారకూడదు. దాన్నే కంటిన్యుటీ అంటారు. అది చూసుకోవడమే నా పని. కోటుకి నేనే చీటీ కుట్టించి పంపాను: ఉతకవద్దు.

ఆ పాటకి హీరోయిన్ చీరల్లో ఉంటుంది. చీర కట్టడానికి, పిన్నులు సర్దడానికి ఆడమనిషి కావాలంది ఆ అమ్మాయి. ఆమె సొంత అసిస్టెంటు అప్పుడే మానేసింది. కాస్ట్యూమర్ గారు స్టోరుకొచ్చి, "ఏమ్మా, ఈసారి నువ్వు రా. నాకు మోకాళ్ళ నొప్పులు, ఆ చలి నావల్ల కాదు. పాస్‌పోర్టు ఉందిగా, తెచ్చివ్వు" అన్నారు.

ఆమె ఇస్త్రీపెట్టె స్విచ్చి తీసేసి, స్టూలు మీద కూర్చుంది. "పనికే గద పోతున్న... ఐనా సరే" అంది. ఫ్లోర్లో షూటింగు దాకా ఇరవై రోజులూ ఆమె పనిచేస్తూ పాడుకోవడం విన్నాను. అంతకుముందు ఎప్పుడూ వినలేదు. నాలుగురోజుల్లో ఒక పూట తనకి ఖాళీ దొరుకుతుందా అని నన్ను పదిసార్లు అడిగింది. ఆ ఒక్క పూట ఊరికే నడుస్తుందట. దారిలో ఎవరైనా ఎందుకొచ్చావంటే ఊకెనే అంటుందట.

ఫ్లోర్లో షూటింగు రోజు హీరోయిన్ డేట్ ఒక్క పూటే ఉంది. లైట్లు పెట్టేశారు. హీరోయిన్ కోటు వేసుకొని వచ్చి నిలబడింది. నేను టాబ్‌లో జార్జియా ఫొటో చూశాను, కోటు చెయ్యి చూశాను. చెయ్యి నున్నగా ఉంది. ఒక్క గింజ లేదు.

నాకు ఆ క్షణమే అర్థమైంది, గింజలు ఎక్కడున్నాయో. కోటు ఆమె ఉతకలేదు, అంత తెలివితక్కువది కాదు. వచ్చేనెల కళ్ళారా చూడబోయే గడ్డి కదా, అలవాటు కొద్దీ, ఆశ కొద్దీ ఒక్కొక్కటే ఏరి డబ్బాలో పెట్టుకుంది. పద్నాలుగేళ్ళలో చెయ్యని తప్పు ఆ సంతోషంలో చేసింది. నేను నాలుగడుగులు వేసి ఆమె చెవిలో చెబితే, మేకప్ సర్దే నెపంతో పదినిమిషాల్లో అంటించేసేవాళ్ళం. అలాంటి నెపాలు రోజుకి పది చెప్పేదాన్ని నేను. కానీ డైరెక్టరు గారు, "ఏమ్మా, కంటిన్యుటీ ఓకేనా?" అని నా వైపు చూశారు. ఆయన చూస్తే నాకు భయం. ఆ భయంలో నోటికొచ్చింది అనేశాను.

"లేదు సార్. కోటు కడిగేశారు సార్ వాళ్ళు."

ఫ్లోరంతా కాస్ట్యూమ్ వాళ్ళ వైపు తిరిగింది. ఆమె పరుగెత్తుకొచ్చింది, చేతిలో తన సంచిలోంచి తీసిన గుండీల డబ్బా. "కడగలే సార్! నిజంగ కడగలే! గింజలు నా తాన్నే ఉన్నయ్, గిదో!" అని మూత తీసి చూపించింది.

"నీ దగ్గర ఎందుకున్నాయమ్మా?" అని అడిగారు డైరెక్టరు గారు. ఆయన కోపంగా కూడా లేరు, నిజంగానే అర్థంకాక అడిగారు.

అరవైమంది చూస్తున్నారు. "చూద్దామని సార్" అంది ఆమె.

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, నా చేతిలో ఫొటో చూసుకుంటూ, ఆ గింజల్ని మళ్ళీ ఒక్కొక్కటే కోటు చేతికి అంటించింది. నేను ఫొటో పట్టుకు నిలబడ్డాను. ఆమె తలెత్తి నావైపు ఒక్కసారి కూడా చూడలేదు, ఫొటోనే చూసింది. ఇరవై నిమిషాలు పట్టింది. షాట్ బాగానే వచ్చింది. సినిమా విడుదలయ్యాక చూస్తే ఆ షాట్‌ను మెడ వరకే ఉంచారు. కోటు చెయ్యి తెరమీద లేదు.

సాయంత్రం ప్రొడక్షన్ మేనేజరు జార్జియా వెళ్ళేవాళ్ళ జాబితాలో ఆమె పేరు కొట్టేశాడు. "ఈవిణ్ణి ఫారిన్ తీసుకెళ్తే అడివంతా పీక్కొస్తుంది" అన్నాడు. గింజలమ్మాయి అన్నది కూడా వాడే. కాస్ట్యూమర్ గారు నన్ను పక్కకు పిలిచారు. "నువ్వో మాట చెప్పమ్మా డైరెక్టరు గారితో. తప్పేం జరగలేదు, గింజలున్నాయి కదా. నీ మాటైతే వింటారు" అన్నారు. చెబుతానన్నాను. చెప్పలేదు. కోటు కడగలేదని చెప్పాలంటే, ఆమెను అడక్కుండానే కడిగేశారన్నది నేనేనని చెప్పాలి. జాబితా ఇంకా కుదిస్తారంటున్నారు. అందులో నా పేరూ ఉంది.

నేను జార్జియా వెళ్ళాను. మోకాళ్ళ నొప్పులతో కాస్ట్యూమర్ గారూ వచ్చారు. హీరోయిన్‌కి బొంబాయి నుంచి ఎవరినో పిలిపించారు.

అక్కడ మొదటిసారి నేను దండెం చూశాను. హోటల్ వెనక పెరట్లో ఒకావిడ దుప్పట్లు ఆరేసింది. పొద్దునా సాయంత్రం వెళ్ళి తడిమాను. రెండురోజులకి గానీ ఆరలేదు. సబ్బు రుద్ది చూశాను, నురుగు బాగా వచ్చింది. తిరిగొచ్చాక పెట్టెలతో పాటు నేనూ స్టోరుకి వెళ్ళాను. వెళ్ళేదాకా ఏమేం చెప్పాలో మనసులో అనుకుంటూనే ఉన్నాను. ఆమె పెట్టె మూత తీసింది. మొహం పెట్టలేదు. అంచులు తిప్పలేదు. బట్టలన్నీ రెండు చేతులా ఎత్తి బకెట్లో వేసి కొళాయి తిప్పింది.

"అక్కా, అక్కడ దుప్పట్లు రెండురోజులకి గానీ ఆరలేదక్కా" అన్నాను.

"ఔనా" అంది, నీళ్ళ వైపు చూస్తూ. సబ్బుపొడి వేసింది.

ఆమెకు నా మీద కోపం ఉందేమో అనుకుని కొన్నాళ్ళు తప్పించుకు తిరిగాను. కోపం లేదు. టీ ఇచ్చేది, చెల్లె అనేది. ఎదురుగా ఉన్న మనిషి తిట్టకపోతే క్షమించేసిందని అనుకోవడం మనకు సుఖం. నేనూ ఆ సుఖంలోనే రెండేళ్ళు గడిపాను. ఈలోగా ఆమెకు ఆయాసం మొదలైంది, పని మానేసింది.

కిందటేడు బోరబండ వెళ్ళాను. కొండెక్కే సందులో రెండో మెట్టు మీద ఇల్లు. గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. చాలా చిక్కిపోయింది. కాసేపు మాట్లాడాక, దారిపొడుగునా కూడగట్టుకున్న మాట చెప్పేశాను.

"అక్కా, మనిద్దరం ఎటైనా వెళ్దాం. షూటింగు కాదు, పని కాదు. ఊరికే. ఖర్చు నాది. నువ్వు ఏ దేశమంటే ఆ దేశం."

ఆమె నవ్వింది. "పాస్‌పోర్టు టైమైపోయింది చెల్లె."

"మళ్ళీ చేయిద్దాం."

"ఒద్దులే."

"ఆరోగ్యం కుదుటపడ్డాకే వెళ్దామక్కా."

"గది గాదు." చిక్కుడుకాయ చేతిలోనే ఉంచుకుని కొంచెంసేపు వీధివైపు చూసింది. "నాకు పోవాలనిపిస్తలేదు చెల్లె. మస్తు సార్లు కూసొని సోంచాయించిన. గా ఊరు అనుకున్న, గీ ఊరు అనుకున్న. ఏది అనుకున్నా ఏమనిపిస్తలేదు. ముందుగాల పండుకుంటె ఎన్ని ఊర్లు తిరుగుతుంటి! నిద్రనే పట్టకపోతుండె. ఇప్పుడు మంచిగ పడుతుంది."

పోలీసాయనకి, వాళ్ళాయనకి, పద్నాలుగేళ్ళ పెట్టెలకి లొంగని మనిషి ఆమె. ఆమెలో ఉన్నదాన్ని తీసేసింది ప్రయాణం రద్దు కావడం కాదు. రద్దులు ఆమెకు కొత్త కాదు. ఎందుకున్నాయని అడిగితే 'చూద్దామని' అన్న ఒక్క మాటకి అరవైమంది నవ్వడం. ఆ అరవైమందిని అటువైపు తిప్పింది నేను. అదంతా అక్కడే, ఆ గడప దగ్గరే నాకు అర్థమైంది. అయినా ఆమె పోనని అనగానే నా గుండెలో ఏదో బరువు దిగినట్టైంది. సెలవు అడగక్కర్లేదు, ఆ ఆయాసం మనిషిని విమానమెక్కించక్కర్లేదు, ఆమెతో నాలుగురోజులు ఒక గదిలో ఉండి కళ్ళలోకి చూడక్కర్లేదు.

"సరే అక్కా, నీ ఇష్టం" అన్నాను.

ఆమె తలూపి మళ్ళీ ఈనెలు తీయడం మొదలుపెట్టింది. నేను ఇంకొక్కసారి అడగొచ్చు. బతిమాలొచ్చు, చెయ్యి పట్టుకోవచ్చు, నేను చేసిందేమిటో చెప్పి ఏడవొచ్చు. నా ఫోను మోగింది. షూటింగు నుంచి. లేచి, చెప్పులేసుకుని, వెళ్ళొస్తానక్కా అని మెట్లు దిగిపోయాను.